పాడుబడ్డ మధ్యయుగపు ఊరిని నేల మీద ఎలా గుర్తుపట్టాలి

ఇంగ్లండ్‌లో ఇలా ఖాళీ అయిపోయిన ఊళ్లు 3,000 పైనే ఉన్నాయి, కానీ వెళ్లి చూస్తే మొదట కనిపించేది ఉత్త గడ్డే. గోడల కోసం వెతక్కండి, నేల ఎత్తుపల్లాలు చూడండి.

టైమ్ చాలా ముఖ్యం. చలికాలంలో గడ్డి పొట్టిగా ఉన్నప్పుడు, పొద్దున్నే గానీ సాయంత్రం గానీ ఎండ ఏటవాలుగా పడే వేళకి వెళ్లండి, అప్పుడు జానెడు గట్టుకి కూడా నీడ పడుతుంది, అదే మిట్టమధ్యాహ్నం అయితే అంతా చదునుగానే ఉంటుంది. ఆ చోటి లైడార్ మ్యాప్ (విమానం నుంచి లేజర్‌తో నేల ఎత్తుపల్లాలు కొలిచి చేసిన మ్యాప్) ఆన్‌లైన్‌లో ఫ్రీగా దొరుకుతుంది, వెళ్లేముందు ఒకసారి చూసుకోండి.

ముందు వీధిని పట్టుకోండి. జనం, బళ్లు, పశువులు వందల ఏళ్లు తొక్కీ తొక్కీ, వాన నీళ్లకి కోసుకుపోయి, కాలవలా లోతుగా దిగిపోయిన దారి అది. దాని పక్కనే వరసగా దీర్ఘచతురస్రంగా కొంచెం లేచిన దిమ్మెలు ఉంటాయి చూడండి, అవే ఇళ్లు. ఒక దిమ్మె ఎక్కి నిలబడండి, పొడుగు వైపు గట్టు మధ్యలో ఖాళీ, ఎదురుగా ఇంకో ఖాళీ ఉంటే అవి ఎదురెదురు గుమ్మాలు కావచ్చు. అలాంటి పొడుగిళ్లలో ఒక చివర మనుషులు, రెండో చివర పశువులు ఉండేవాళ్లు. ఇంటి వెనక సన్న గట్లు పెరడు హద్దులు.

ఊరి బయట పొలంలో అలల్లాంటి గట్లు కనిపిస్తే అవి పాత దుక్కి చాళ్లు. ఎద్దుల బారు పొడుగు కాబట్టి చివర తిప్పడానికి ముందు నుంచే పక్కకి మళ్లించేవాళ్లు, అందుకే ఆ గట్లు తిన్నగా ఉండవు, మెలి తిరుగుతాయి.

ఊరు ఖాళీ అయిందంటే ప్లేగే కారణం అనుకోవద్దు. యార్క్‌షైర్‌లోని వారమ్ పెర్సీ 1348-49 ప్లేగు తర్వాత కూడా నిలబడింది, చివరి కుటుంబాల్ని 1500 ప్రాంతంలో గొర్రెల మేత కోసం వెళ్లగొట్టారు. 1950 నుంచి 1990 దాకా ఏటా ఎండాకాలం అక్కడ తవ్వకాలు జరిగాయి. నేర్చుకోడానికి అంతకన్నా మంచి చోటు నాకు తెలీదు.

కుందేళ్లు తోడిపోసిన మట్టిలో కుండపెంకు కనిపిస్తే ఫొటో తీసుకుని అక్కడే వదిలేయండి. రక్షిత స్థలాల్లో పర్మిషన్ లేకుండా మెటల్ డిటెక్టర్ వాడితే 1979 నాటి పురాతన కట్టడాల చట్టం కింద నేరం.

వారమ్‌లో కప్పు లేని చర్చి దగ్గర తప్పకుండా ఆగండి. గోడలో రాళ్లతో మూసేసిన ఆర్చీలు ఉన్నాయి, ఊళ్లో జనం తగ్గేకొద్దీ పక్క నడవలు కూల్చేసి చర్చిని చిన్నది చేసుకున్నారు.