ఎయిర్ సస్పెన్షన్ ట్రక్కుకి షాక్‌లు ఎంచుకోవాలంటే ముందు టేపు పట్టండి, తర్వాతే డబ్బులు తియ్యండి

స్ప్రింగుల బదులు గాలి నింపే రబ్బరు బ్యాగులు వేసిన కస్టమ్ ట్రక్కు అనగానే అందరి ధ్యాసా కంప్రెసర్ మీద, ట్యాంక్ మీద, వాల్వుల మీద, బండి ఎంత కిందకి కూర్చుంటుంది అన్నదాని మీదే ఉంటుంది. షాక్‌లు (షాక్ అబ్జార్బర్లు) చివర్లో గుర్తొస్తాయి, అప్పటికి చేతిలో డబ్బులూ ఉండవు, చాసీలో చోటూ ఉండదు. నేనూ అంతే చేశా. మొదటి బండికి పాత షాక్‌లే బిగించేశా, గాలి మొత్తం వదిలిన మొదటి రోజే బరువంతా బంప్ స్టాప్ (చాసీ మరీ కిందకి దిగకుండా ఆపే దిమ్మ) మీద కాకుండా షాక్ మీద పడింది, పై బ్రాకెట్ వంగింది, రాడ్ పక్కనుంచి ఆయిల్ కారడం మొదలైంది. షాక్ తప్పేం లేదు పాపం, కొలవకుండా పెట్టింది నేనే.

బ్యాగ్ పని బరువు మొయ్యడం, అంతవరకే. గుంటలో పడ్డాక బండి ఊగుతుంది కదా, ఆ ఊపుని చంపేది షాక్. గాలికి ఆ గుణం దాదాపు లేదు. వెనక కమాన్ పట్టీలు ఉన్న బండిలో పట్టీకి పట్టీ రాసుకుని ఆ రాపిడే కొంత ఊపుని తినేస్తుంది, కంపెనీ షాక్‌ని ఆ రాపిడిని కూడా లెక్కలో వేసుకునే సెట్ చేస్తారు. మనం పట్టీలు తీసేసి లింకులు (యాక్సిల్‌ని పట్టి ఉంచే రాడ్లు), బ్యాగులు పెట్టేసరికి ఆ రాపిడి పోతుంది, మొత్తం భారం షాక్ మీదే పడుతుంది, అందుకే పాత షాక్ కొత్తదే అయినా సరే బండి పడవలా ఊగుతుంది. బ్యాగులు మెత్తగానే ఉన్నాయిగా షాక్‌లెందుకు అని పూర్తిగా తీసేసేవాళ్ళు కూడా ఉన్నారు, దయచేసి ఆ పని చెయ్యకండి, చక్రం రోడ్డు మీద గెంతుతుంటే బ్రేకు నొక్కినా బండి అనుకున్న చోట ఆగదు.

ఇంకోటి, ఎయిర్ షాక్ అని ఒకటి దొరుకుతుంది, షాక్ బాడీ చుట్టూ చిన్న రబ్బరు తొడుగుండి అందులో గాలి నింపుతారు. పేరు చూసి ఎయిర్ సస్పెన్షన్‌కి ఇదే కావాలేమో అనుకుని కొనేస్తారు. అది బరువు మొయ్యడానికి సాయంగా పెట్టేది. బ్యాగులు ఆల్రెడీ ఉన్న బండికి దానితో పనిలేదు, మామూలు హైడ్రాలిక్ షాక్ చాలు.

ఇప్పుడు కొలతలు. నా దృష్టిలో మొత్తం విషయంలో సగం ఇక్కడే ఉంది. చాసీని స్టాండ్ల మీద గట్టిగా నిలబెట్టి, షాక్‌లు తీసేసి, యాక్సిల్‌ని జాకీతో పైకీ కిందకీ ఆడించండి. షాక్ పై బోల్టు సెంటర్ నుంచి కింది బోల్టు సెంటర్ వరకు మూడు చోట్ల కొలవాలి: గాలంతా వదిలి చాసీ బంప్ స్టాప్ మీద కూర్చున్నప్పుడు, మీరు రోజూ నడిపే ఎత్తులో, ఇంకా యాక్సిల్ పూర్తిగా వేలాడుతున్నప్పుడు. ఈ మూడోది చాలామంది నేల మీదే బ్యాగులు నిండా నింపి కొలుస్తారు, అది తప్పు, బండిని జాకీ మీద లేపితే యాక్సిల్ ఇంకా కిందకి జారుతుంది, అప్పుడు షాక్ పొడవు సరిపోకపోతే రాడ్ లాగేస్తుంది. ఒకవైపు చక్రం పైకి, ఇంకోవైపు కిందకి ఉన్నప్పుడు కూడా ఒకసారి చూడండి.

కింద కూర్చున్న కొలత కంటే షాక్ మూసుకున్న పొడవు కనీసం 12 నుంచి 15 మి.మీ తక్కువ ఉండాలి. వేలాడే కొలత కంటే తెరుచుకున్న పొడవు అంతే ఎక్కువ ఉండాలి. దెబ్బ తినాల్సింది బంప్ స్టాప్, షాక్ కాదు. చాసీ పైకి వెళ్ళేటప్పుడు ఒక హద్దు దగ్గర ఆపడానికి లిమిట్ స్ట్రాప్ (చాసీకీ యాక్సిల్‌కీ మధ్య కట్టే గట్టి పట్టీ) వేసుకోవడం మంచిది, ఎందుకంటే బ్యాగ్ అతిగా సాగినా పాడవుతుంది, స్లీవ్ రకం బ్యాగైతే (గొట్టంలా ఉండి కింద పిస్టన్ అనే దిమ్మ మీద మడతపడేది) ఆ పిస్టన్ మీదనుంచి ఊడి కూర్చుంటుంది.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఉదాహరణకి మీ కొలతలు 250, 340, 430 వచ్చాయనుకోండి. మీకు కావాల్సిన షాక్ మూసుకుంటే 235, తెరుచుకుంటే 445, అంటే స్ట్రోక్ (రాడ్ కదిలే మొత్తం దూరం) 210 మి.మీ. ఎంత వెతికినా దొరకదు, అలాంటిది తయారు చెయ్యడం కుదరదు కాబట్టి. రాడ్ 210 లోపలికి వెళ్ళాలంటే బాడీలో అంత చోటుండాలి, దానికి పైన కింద బోల్టు దూరే కళ్ళు, సీలు, పిస్టన్, వాల్వు ఇవన్నీ కలిపితే మామూలు షాక్‌లో స్ట్రోక్ కాకుండా ఇంకో 110 నుంచి 150 మి.మీ ఉంటుంది. మూసుకున్న పొడవులోంచి స్ట్రోక్ తీసేస్తే మిగిలేది ఇదే. మన లెక్కలో మిగిలింది 25.

ఈ దశలో జనం దొరికిన పొట్టి షాక్ ఏదో బిగించేసి పండగ చేసుకుంటారు. అలా కాకుండా పై మౌంట్‌ని 120 మి.మీ పైకి జరపండి, చాసీ మీద చిన్న బ్రిడ్జి లాంటిది కట్టి. మూడు కొలతలూ 370, 460, 550 అవుతాయి, స్ట్రోక్ అదే 210, మూసుకుంటే 355, ఇప్పుడు మిగిలేది 145. ఇది దొరుకుతుంది. అందుకే నేను ఎవరికైనా చెప్పేది ఒకటే, ముందు కొలవండి, తర్వాత దొరికే షాక్ ఎంచుకోండి, ఆ తర్వాతే బ్రాకెట్ వెల్డ్ చెయ్యండి. బ్రాకెట్ ముందే వెల్డ్ చేసి దానికి సరిపోయే షాక్ వెతకడం అంటే చెప్పు కొనేసి కాలు వెతుక్కోవడమే.

పైకి జరపడానికి చోటు లేకపోతే షాక్‌ని వాల్చొచ్చు, కానీ దానికి ఖరీదుంది. నిటారు నుంచి 30 డిగ్రీలు వాలిస్తే చక్రం దగ్గర పనిచేసేది సుమారు 75 శాతమే, 45 డిగ్రీలైతే సగం. షాక్ తక్కువ వేగంతో కదులుతుంది, పైగా దాని బలం కూడా ఏటవాలుగా పోతుంది, రెండు దెబ్బలు అన్నమాట. 20 డిగ్రీల లోపు ఉంటే ప్రశాంతం. వాల్చక తప్పకపోతే కింది కన్ను చక్రానికి వీలైనంత దగ్గరగా ఉంచి పైదాన్ని లోపలికి వాల్చండి, మలుపుల్లో బండి ఒరగడాన్ని పట్టుకునేది ఆ దూరమే.

ముందు వైపు కథ వేరు. చాలా ట్రక్కుల్లో షాక్ కాయిల్ స్ప్రింగ్ మధ్యలోంచి పోతుంది, కాయిల్ తీసి బ్యాగ్ పెట్టేసరికి దానికి దారే ఉండదు, బయటికి మార్చాల్సిందే. చక్రాన్ని పట్టి ఉంచే కింది ఆర్మ్ మీద సగం దూరంలో ఎక్కడో బోల్టు పడుతుంది. చక్రం 100 మి.మీ కదిలితే షాక్ 60 కదిలిందనుకోండి, ఇక్కడా అవే రెండు దెబ్బలు, 0.6 × 0.6, చక్రానికి అందేది 36 శాతమే, అంటే చాలా గట్టి వాల్వింగ్ (లోపల ఆయిల్‌ని అడ్డుకునే వాల్వుల సెట్టింగ్) ఉన్న షాక్ కావాలి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి, బండిని పూర్తిగా కిందకి దించి టైరు తగులుతుందేమో చూడండి. బ్యాగ్ నిండా ఉబ్బినప్పుడు షాక్‌కీ దానికీ మధ్య ఒక 25 మి.మీ ఖాళీ ఉండాలి, రాసుకుంటే ఏదో ఒకరోజు బ్యాగ్‌కి చిల్లే.

మోనోట్యూబా (ఒకే గొట్టం ఉన్న షాక్), ట్విన్‌ట్యూబా (గొట్టంలో గొట్టం ఉన్నది) అని తెగ కొట్టుకుంటారు గానీ ఇక్కడ అది రెండో ప్రశ్న. ట్విన్‌ట్యూబ్ అదే స్ట్రోక్‌కి కొంచెం పొట్టిగా వస్తుంది, చోటు లేని బండికి అదే వరం, తలకిందులుగా మాత్రం బిగించకూడదు. మోనోట్యూబ్ వేడిని బాగా తట్టుకుంటుంది, ఎలాగైనా బిగించొచ్చు, కాకపోతే గ్యాస్ గదికి పొడవు కావాలి, విడిగా రిజర్వాయర్ (గ్యాస్ ఉండే చిన్న డబ్బా) ఉన్నది తీసుకుంటే ఆ సమస్య తగ్గుతుంది.

వాల్వింగ్‌కి వస్తే, బండిని రెడీ అయ్యాక ముందు ఇరుసు, వెనక ఇరుసు విడివిడిగా తూకం వేయించండి, పుస్తకంలో ఉన్న బరువు మీద ఆధారపడొద్దు. బరువు ఎక్కించి అదే ఎత్తు కోసం ప్రెషర్ పెంచితే బ్యాగ్ కూడా గట్టిపడుతుంది. స్టీల్ స్ప్రింగ్ మీద బరువు రెట్టింపైతే షాక్ సుమారు 1.4 రెట్లు గట్టిగా ఉంటే చాలు, గాలి మీద దాదాపు రెండు రెట్లు కావాలి. అందుకే ఒకరోజు ఖాళీగా, ఒకరోజు లోడుతో తిరిగే ట్రక్కుకి నాబ్ తిప్పి సర్దుకునే షాక్ పెట్టిన డబ్బుకి న్యాయం చేస్తుంది. షోలకి మాత్రమే తిరిగే బండికి అవసరం లేదు. సింగిల్ అడ్జస్టబుల్ (ఒకే సర్దుబాటు ఉన్న) షాక్‌లు చాలావాటిలో మారేది రీబౌండే (షాక్ తెరుచుకునేటప్పటి బిగువు), మనకి కావాల్సిందీ అదే, ఎందుకంటే నొక్కుకున్న గాలి తిరిగి తన్నేది పైకే. అలాగని నాబ్ మొత్తం బిగించకండి, వరస గుంటల్లో చక్రం తిరిగి కిందకి వచ్చేలోపే ఇంకో గుంట వస్తుంది, బండి మెల్లగా కిందకి కుంగిపోతూ గట్టిగా కొడుతుంది, అది చూసి షాక్ మెత్తగా ఉందనుకుని ఇంకా బిగించేవాళ్ళని చూశా.

బిగించే ముందు ట్విన్‌ట్యూబ్‌ని నిటారుగా పట్టుకుని నాలుగైదు సార్లు పంప్ చెయ్యండి, లోపలి గాలి సర్దుకుంటుంది. బోల్టుకి రెండు వైపులా పట్టు ఉండేలా బ్రాకెట్ కట్టండి. రబ్బరు బుష్‌లుంటే చివరి బిగింపు బండి నడిపే ఎత్తులో ఉన్నప్పుడే, లేకపోతే బుష్ ఎప్పుడూ మెలితిరిగి ఉండి తొందరగా చిరిగిపోతుంది.

రాడ్ బయటికి కనిపించే రకమైతే దానికో జిప్ టై కట్టి బాడీకి ఆనించి ఉంచండి. మామూలు రోడ్డు మీద కాసేపు తిప్పుకొచ్చి చూస్తే షాక్ ఎంత లోపలికి వెళ్ళిందో ఆ టై చెప్పేస్తుంది. చివరి వరకు తోసుకుపోయి ఉంటే ముందు నడిపే ఎత్తు కొంచెం పెంచి చూడండి లేదా బంప్ స్టాప్ ఎత్తు పెంచండి, కొత్త షాక్ మాట తర్వాత.