ఊపిరాడనంత భయం ముంచుకొచ్చినప్పుడు ఏం చేయాలి

కడప నుంచి రాయచోటి వెళ్లే బస్సు గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతుండగా నాకు మొదటిసారి పానిక్ అటాక్ వచ్చింది. గుండె దడదడ కొట్టుకుంది, అరచేతులు చెమటతో తడిసిపోయాయి, పెదవుల చుట్టూ తిమ్మిరెక్కింది, ఇంకొక మలుపు తిరిగేలోపే ప్రాణం పోతుందని గట్టిగా నమ్మాను. బస్సు ఆపించి దిగిపోయాను. కాసేపటికి నెమ్మదించింది గానీ, అలా దిగిపోవడమే ఆ భయాన్ని పెంచి పోషించిందని తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

ముందుగా ఒక మాట. మీకు వచ్చింది ఆందోళనేనని మీ అంతట మీరు తేల్చుకోవద్దు. మొదటిసారి వచ్చినప్పుడు తప్పకుండా డాక్టరుకు చూపించుకొని, ఈసీజీ, థైరాయిడ్, రక్తహీనత, షుగర్ పరీక్షల్లో ఏవి అవసరమో ఆయననే అడగండి. ఛాతీలో నొప్పి ఎడమ చేతికో దవడకో పాకుతున్నా, స్పృహ తప్పుతున్నా ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి. కర్నూలు, అనంతపురం ఎండల్లో తిరిగి వచ్చిన మనిషికి గుండెదడ, తలతిప్పు వస్తే అది వడదెబ్బ కూడా కావచ్చు.

గుండెకు ఏ లోపమూ లేదని తేలిన తర్వాత, ఒంట్లో జరిగేదేమిటో తెలుసుకోవడమే సగం మందు. ఎదురుగా పులి ఉన్నట్లు మెదడు పొరపాటు పడి ఒంట్లో అడ్రినలిన్ అనే హార్మోన్‌ను విడుదల చేయిస్తుంది, దానితో గుండె వేగం పెరుగుతుంది, మనం వేగంగా పైపైన ఊపిరి తీసుకుంటాం. అలా తీసుకోవడం వల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు తిమ్మిరెక్కుతాయి, తల తిరుగుతుంది, గాలి చాలడం లేదనిపించి ఇంకా వేగంగా పీలుస్తాం. సాధారణంగా ఇది పది నిమిషాల్లో తారస్థాయికి చేరి, ఇరవై ముప్పై నిమిషాల్లో దానంతటదే దిగిపోతుంది.

కాబట్టి ఆ సమయంలో గాలి ఎక్కువగా పీల్చాలని ప్రయత్నించకండి. వదలడం మీద మనసు పెట్టండి. పొట్టమీద చేయి వేసుకొని, మనసులో నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో పీల్చి, ఆరు లెక్కపెడుతూ మెల్లగా వదలండి. ఐదు నిమిషాలైనా ఇలా చేయాలి. మొదటి నిమిషంలో ఏ మార్పూ కనిపించకపోయినా ఆపవద్దు. కవర్లో ఊపిరి తీసుకొమ్మని ఎవరైనా చెబితే వినకండి, అది ప్రమాదకరం. ఆ తర్వాత చూపును బయటికి మళ్లించి, కిటికీ చువ్వ చల్లదనం, ముందు సీటు రంగు, కండక్టరు గొంతు, ఇలా ఒక్కొక్కదాన్ని పేరుపెట్టి మనసులో అనుకోండి.

పక్కనున్నవారు చుట్టూ మూగకుండా, 'ఏం లేదులే, ధైర్యంగా ఉండు' అని మందలించకుండా, 'నేను ఇక్కడే ఉన్నాను, నాతో పాటు మెల్లగా ఊపిరి వదులు' అంటే చాలు.

కడపలోని అమీన్ పీర్ దర్గాకు వెళ్లి రావడమో, ఇంట్లో పెద్దవాళ్లు దిష్టి తీయడమో మనసుకు ఊరటనిస్తే నేను కాదనను, కానీ అటాక్‌లు మళ్లీ మళ్లీ వస్తుంటే మానసిక వైద్యులను కలవడం మానవద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. డాక్టరు రాసే మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. ఈలోపు మందుల షాపులో నిద్రమాత్రలు అడిగి తెచ్చుకోవడం అలవాటుగా మారే దారి. టీ, కాఫీలు తగ్గించడం కూడా కొందరికి మేలు చేస్తుంది.

ఇక అన్నిటికంటే కష్టమైనది, భయపడ్డ చోటికి తిరిగి వెళ్లడం. తప్పించుకున్న ప్రతిసారీ మెదడు 'అక్కడ నిజంగానే ప్రమాదముంది' అని నేర్చుకుంటుంది. అందుకే భయం దిగేదాకా అక్కడే ఉండాలి. ఒక్కసారిగా కాకుండా మెట్లు మెట్లుగా వెళ్లండి. నేను మొదట బస్టాండులో ఆగి ఉన్న బస్సులో ఊరికే కూర్చున్నాను, తర్వాత తమ్ముణ్ణి వెంటబెట్టుకొని ఘాట్ మొదలయ్యే చోటు వరకు వెళ్లి వచ్చాను, అక్కడ దడ తగ్గేదాకా చాలాసార్లు అదే చేశాను. మూడో నెలలో ఒంటరిగా ఘాట్ దాటి, గువ్వలచెరువులో దిగి, ఇంటికి పాలకోవా కట్టించుకొని వచ్చాను. ఆ రోజు కూడా మలుపుల దగ్గర గుండె గట్టిగానే కొట్టుకుంది, కానీ బస్సు ఆపమని అడగలేదు.