ఎండలు ముదరకముందే సైకిల్ బట్టలు, బూట్లు చూసుకోండి

మార్చి సగం దాటిందంటే కర్నూలులో పొద్దున తొమ్మిదికే తారు రోడ్డు సెగ కక్కుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడైనా, అనంతపురంలోనైనా, కడపలోనైనా 40 డిగ్రీలు దాటడం మామూలే. తెల్లవారుజామున సైకిల్ తొక్కే అలవాటున్నవాళ్లు ఏం వేసుకుని వెళ్తున్నారో ఇప్పుడే ఒకసారి చూసుకోవాలి. షాపుకి వెళ్తే ముందు రంగురంగుల జెర్సీలే కనిపిస్తాయి. నన్నడిగితే డబ్బు పెట్టాల్సింది ఒళ్లు సైకిల్‌కు ఆనే మూడు చోట్ల: సీటు, హ్యాండిల్, పెడల్. మిగతావి చాలావరకు ఇంట్లో ఉన్నవాటితోనే సరిపోతాయి.

ముందు సీటు సంగతి. ఊళ్లో అరగంట తిరిగొచ్చేవాళ్లకు మెత్తటి ట్రాక్ ప్యాంటు చాలు. జీన్స్ మాత్రం వద్దు. కాళ్ల మధ్య కుట్లన్నీ కలిసేచోట గుడ్డ మందంగా ఉంటుంది, సరిగ్గా అదే సీటుకు ఒత్తుకుంటుంది. కర్నూలు నుంచి ఓర్వకల్లు రాతివనాల దాకా వెళ్లి రావాలంటే ప్యాడ్ ఉన్న సైక్లింగ్ షార్ట్స్ కొనుక్కోండి. దాని లోపల డ్రాయర్ వేసుకోకూడదు. చాలామందికి ఇది వింతగా అనిపిస్తుంది కానీ, డ్రాయర్ అంచులు చెమటకు తడిసి గజ్జల్లో ఒరుసుకునే బాధ తప్పించడానికే ఆ షార్ట్స్ తయారుచేశారు. బిగుతుగా కనిపిస్తుందని మొహమాటమైతే పైన వదులు నిక్కరు వేసుకోండి, ఏ ఇబ్బందీ లేదు. ప్యాడ్ ఎంత మందంగా ఉంటే అంత సుఖమనుకోవద్దు. మరీ మెత్తటి స్పాంజి కూర్చోగానే అణిగిపోయి, బరువు పడకూడని మెత్తటి భాగాలను నొక్కుతుంది. వేసుకున్న ప్రతిసారీ ఉతికి, తిరగేసి ఎండలో ఆరేయండి. ఫ్యాబ్రిక్ కండిషనర్ వేస్తే గుడ్డ చెమటను పీల్చే గుణం తగ్గిపోతుంది. తొడలు ఒరుసుకునేవాళ్లు బయల్దేరే ముందు పల్చగా వాజిలీన్ రాసుకోవచ్చు. కూర్చునే చోట సెగ్గడ్డ లేస్తే మాత్రం అది మానేదాకా సైకిల్ ఎక్కొద్దు. జ్వరం కూడా వస్తే డాక్టరుకు చూపించుకోవాలి.

చొక్కా విషయంలో మన వాతావరణాన్ని గుర్తుపెట్టుకోవాలి. కోస్తాలో చెమట ధారలు కడుతుంది కాబట్టి ఎంత నీరు పోతోందో తెలుస్తుంది. ఇక్కడి పొడి ఎండలో పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది. చొక్కా మీద తెల్లటి ఉప్పు చారలు కనిపించేసరికి ఒంట్లో నీరు చాలా పోయి ఉంటుంది. అందుకే దాహం వేసినా వేయకపోయినా మధ్యమధ్య తాగుతుండాలి. పొట్టి చేతుల చొక్కా కంటే లేతరంగు, పల్చటి, నిండు చేతుల చొక్కానే మేలు. ఎండ సూటిగా చర్మం మీద పడదు. గంటలోపు పనికి నూలు చొక్కా బాగానే ఉంటుంది, అంతకు మించితే త్వరగా ఆరే పాలిస్టర్ జెర్సీ నయం. హెల్మెట్ కింద మందపాటి తువ్వాలు చుట్టొద్దు, హెల్మెట్ తలకు సరిగా పట్టదు. పల్చటి నూలు టోపీ చాలు. తల తిరిగినా, మాట తడబడినా, చెమట పట్టడం ఆగిపోయినా వెంటనే దిగి నీడకు చేరి, తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకుంటూ 108కి ఫోన్ చేయించండి.

చున్నీ, చీర కొంగు, పంచె అంచు చక్రంలో పడితే మనిషి బోర్లా పడటం క్షణాల పని. చున్నీ వేసుకుంటే రెండు కొసలూ నడుముకు గట్టిగా కట్టుకోండి. చీరతో తొక్కేవాళ్లు వెనక చక్రానికి గార్డు పెట్టించుకోవాలి. ప్యాంటు వేసుకున్నవాళ్లు చైను వైపు కాలి అంచును సాక్సులోకి దోపాలి.

చీకటి విడవకముందే 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కేవాళ్లు నల్ల జెర్సీ మానేయండి. వెనకొచ్చే లారీ డ్రైవరుకు మీరు కనబడాలి. చీలమండలకు మెరిసే పట్టీలు కట్టుకుంటే పెడల్‌తోపాటు పైకీ కిందకీ కదులుతూ దూరం నుంచే తెలుస్తాయి. వెనక ఎర్ర లైటు ఎలాగూ ఉండాల్సిందే. చేతి గ్లవ్స్‌ను షోకు అనుకోవద్దు. చాలాసేపు తొక్కాక చిటికెనవేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతున్నాయంటే అరచేతిలోని నరం నొక్కుకుపోతోందన్నమాట. పల్చటి ప్యాడ్ ఉన్న గ్లవ్స్ వేసుకుని, చేతులు పెట్టే చోటు మార్చుకుంటూ ఉండాలి.

ఇక బూట్లు. హవాయి చెప్పులతో దూరం పోవద్దు, జారితే వేళ్లు రోడ్డుకు గీసుకుపోతాయి. పరుగు బూట్ల అడుగు మరీ మెత్తన. పెడల్ మీద వంగి, అరికాలు ఒకేచోట నొక్కుకుని మంట పుడుతుంది. చేత్తో వంచితే సులువుగా వంగని అడుగున్న బూటు చూడండి. సాయంత్రం పూట, మీరు తొక్కేటప్పుడు వేసుకునే సాక్సుతోనే వేసి చూసి కొనండి. ఎండకు, శ్రమకు పాదాలు కొంత ఉబ్బుతాయి కాబట్టి పొద్దున సరిపోయిన సైజు తర్వాత బిగుసుకుంటుంది. లేసు కొసలు లోపలికి దోపేయండి.

పెడల్‌కు బిగుసుకునే క్లీట్ బూట్లు (అడుగున క్లీట్ అనే బిళ్ల ఉండేవి) కొన్నవాళ్లు ముందు ఖాళీ మైదానంలో, పెడల్ పట్టు బాగా వదులు చేసుకుని, కాలు తీయడం అలవాటయ్యాకే రోడ్డెక్కాలి. వాటితో తడి కడప బండల మీద నడిస్తే కాలు జారుతుంది, జాగ్రత్త. నంద్యాల, ప్రొద్దుటూరు వైపు నల్లరేగడి దారుల్లో వాన పడ్డాక ఆ బూట్లు వాడకపోవడమే మంచిది. మట్టి క్లీట్ సందుల్లో కూరుకుపోతే బూటు పెడల్‌కు సరిగా పట్టదు, పట్టినా కావాల్సినప్పుడు ఊడి రాదు. అలాంటి రోజుల్లో మామూలు పెడల్, గట్టి అడుగున్న బూటే నయం. పంక్చరై రోడ్డు పక్కన దిగినా పల్లేరు కాయలు, కంపచెట్ల ముళ్లు అంత సులువుగా కాలికి దిగవు. ఇంటికొచ్చాక ఆ మట్టిని తడిగా ఉన్నప్పుడే కడిగేసి, బూట్లలో పాత పేపర్లు కుక్కి నీడలో ఆరబెట్టండి. మే ఎండలో పెడితే అడుగు అంటించిన జిగురు ఊడొచ్చే ప్రమాదం ఉంది.