ఫోనుతో, ఇంట్లోనే పాడ్‌కాస్ట్: మొదటి ఆరు ఎపిసోడ్ల దాకా

పాడ్‌కాస్ట్ మొదలుపెడదామనుకున్నవాళ్లు దాదాపు అందరూ మొదట అడిగేది ఏ మైకు కొనాలని. అది ఒక నెల ఆగి అడగండి. ఇప్పుడున్న ఫోను చాలు, వైరు ఇయర్‌ఫోన్స్ ఒక జత ఉంటే ఇంకా మంచిది. పాడ్‌కాస్ట్ బాగా రావడానికి ముందు కావాల్సినవి చెప్పడానికి ఒక విషయం, ప్రతిధ్వని లేని ఒక గది, నోటికి దగ్గరగా ఒక మైకు. ఈ మూడూ కుదిరాక డబ్బు పెడితే ఆ డబ్బుకి ఫలితం వినిపిస్తుంది, కుదరకముందు పెడితే ఖరీదైన మైకులో కూడా గది గోలే వినిపిస్తుంది.

విషయం దగ్గర మొదలుపెడదాం. "సినిమాలు, క్రికెట్, లైఫ్, అన్నీ మాట్లాడతాం" అనే షో సరదాగా పెట్టుకునేవాళ్లకి పనికిరాదు, ఎందుకంటే నాలుగో వారానికి ఏం మాట్లాడాలో తెలియక మీరే ఆగిపోతారు. మీకు మాత్రమే దగ్గరగా తెలిసిన ఒక మూల పట్టుకోండి. సింగరేణి బావుల్లో పనిచేసి రిటైరైన మామయ్య ఉన్నాడా, గుంటూరు మిర్చి యార్డులో ఏళ్ల తరబడి వ్యాపారం చేసిన నాన్న ఉన్నాడా, పోచంపల్లిలో మగ్గం మీద కూర్చునే పిన్ని ఉందా? అదే మీ షో. వాళ్లెవరూ లేకపోయినా ఫర్వాలేదు, మిద్దె తోటలో టమాటాలు ఎందుకు ఎండిపోతున్నాయో ఇరవై నిమిషాలు విసుగులేకుండా చెప్పగలిగితే అది కూడా షోనే. ఒక కాగితం మీద ఆరు ఎపిసోడ్ల పేర్లు రాయండి. ఆరు రాయలేకపోతే ఆ విషయం ఇంకా మీ చేతికి చిక్కలేదని అర్థం. ఆరు వస్తే మాత్రం, "ప్రతి వారం, ఎప్పటికీ" అని మాట ఇచ్చేయకుండా, ఆరు ఎపిసోడ్ల మొదటి సీజన్ అని ముందే చెప్పేయండి. ఉద్యోగం, పిల్లలు, పరీక్షలు అన్నీ ఉన్నవాళ్లకి ఇదొక్కటే టెన్షన్ లేకుండా పూర్తయ్యే పద్ధతి.

రెండోది భాష. మీ ఇంట్లో మీరు ఎలా మాట్లాడతారో అలాగే మాట్లాడండి. శ్రీకాకుళం యాస అయితే శ్రీకాకుళం యాస, కరీంనగర్ అయితే కరీంనగర్, అనంతపురం అయితే అనంతపురం. వార్తలు చదివే గొంతు తెచ్చిపెట్టుకోకండి. మన తెలుగు ఎన్ని రకాలుగా ఉందో అన్ని రకాలుగా రికార్డయి ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను, ఆ పని మనలాంటివాళ్లు తీరిక వేళల్లో చేసుకునే ఈ చిన్న షోల వల్లే బాగా జరుగుతుంది.

స్క్రిప్టు మొత్తం రాసుకుని చదివితే ఎంత బాగా మాట్లాడేవాళ్లయినా వ్యాసం అప్పజెబుతున్నట్టు వినిపిస్తారు. రాసేటప్పుడు మనకి తెలియకుండానే "యొక్క", "మరియు" వచ్చేస్తాయి. మొదటి రెండు వాక్యాలు, చివరి రెండు వాక్యాలు మాత్రం పూర్తిగా రాసుకోండి, మధ్యలో చెప్పాల్సినవి చిన్న ముక్కలుగా ఒక్క పేజీలో. పేజీ పైన ఒక మనిషి పేరు రాసుకోండి, మీ చెల్లెలో, కాలేజీ ఫ్రెండో, ఆ ఒక్కరికే చెబుతున్నాననుకుంటూ మాట్లాడండి. "హాయ్ హలో నమస్తే, వెల్‌కమ్ టు మై పాడ్‌కాస్ట్" అంటూ నిమిషం గడపకుండా విషయంతోనే మొదలుపెట్టాలి: "బావిలోకి దిగే ముందు మా మామయ్య లైటు ఎందుకు రెండుసార్లు చూసుకునేవాడో ఇవాళ ఆయనే చెబుతాడు." పేరు, పరిచయం దాని తర్వాత ఒక్క వాక్యంలో.

ఇప్పుడు గది. ఇక్కడ ఓపిక పట్టి చదవండి, మొత్తం నాణ్యత ఇక్కడే తేలిపోతుంది. మన ఇళ్లు ఎక్కువగా కాంక్రీటు స్లాబు, టైల్స్ నేల, ఖాళీ గోడలు. గొంతు వీటన్నిటికీ తగిలి తిరిగి వస్తుంది, అదే ఆ బాత్రూమ్ మోత. గది మధ్యలో నిలబడి గట్టిగా ఒక్క చప్పట్లు కొట్టి చూడండి, వెనకాల టింగుమని మోగితే ఆ గది పనికిరాదు. బట్టల బీరువా ఉన్న పడకగది సాధారణంగా ఇంట్లో అన్నిటికన్నా మంచిది. బీరువా తలుపులు తెరిచి, చీరలు, దుప్పట్ల వైపు ముఖం పెట్టి మాట్లాడితే సగం మోత అక్కడే చచ్చిపోతుంది. వెనక గోడకి పరుపు నిలబెట్టండి, నేల మీద బొంత పరవండి, కిటికీకి మందపాటి కర్టెన్ ఉంటే వేయండి. స్టూడియో ఫోమ్ ముక్కలు కొనక్కర్లేదు.

తర్వాత శబ్దాలు. సీలింగ్ ఫ్యాను తప్పకుండా ఆపాలి, రికార్డింగులో అది మీరనుకున్నదానికన్నా గట్టిగా ఉంటుంది. ఎండాకాలంలో విజయవాడలోనో రామగుండంలోనో ఫ్యాను ఆపి కూర్చోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. ముందు అరగంట కూలరో ఏసీయో వేసి గది చల్లబరిచి, ఆపేసి, పది నిమిషాలు రికార్డు చేసి, మళ్లీ వేసుకోండి. ఫ్రిజ్ మోత వినబడుతుంటే అది కూడా కాసేపు ఆపొచ్చు, కానీ బండి తాళాలు ఫ్రిజ్‌లోనే పెట్టండి, అప్పుడు మళ్లీ ఆన్ చేయడం మర్చిపోయే ప్రసక్తి ఉండదు. ల్యాప్‌టాప్‌లో రికార్డు చేస్తుంటే ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడపండి, సన్నటి గుయ్‌మనే శబ్దం చాలాసార్లు దానివల్లే వస్తుంది. ఫోను ఫ్లైట్ మోడ్‌లో. అన్నిటికన్నా నిశ్శబ్దమైన సమయం తెల్లవారుజాము, పాలవాడు రాకముందు, గుడి మైకు మొదలవకముందు, ఏ ఇంట్లోనూ కుక్కర్ విజిల్ వేయకముందు.

మైకు నోటికి జానెడు దూరంలో ఉండాలి. దూరం పెరిగే కొద్దీ మీ గొంతు తగ్గి గది గొంతు పెరుగుతుంది, దీనికి తర్వాత ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ సరైన మందు లేదు. మామూలుగా ఫోను మైకు అడుగు భాగాన ఉంటుంది, కాబట్టి ఆ చివర మీ వైపు ఉండేలా పుస్తకాల దొంతి మీద పెట్టండి, చేత్తో పట్టుకుంటే వేళ్ల రాపిడి రికార్డవుతుంది. నోటికి సూటిగా కాకుండా కొంచెం పక్కకి పెట్టండి, లేకపోతే "భయం", "ఫలితం", "పప్పు" అన్నప్పుడల్లా గాలి వెళ్లి మైకుని కొడుతుంది, తెలుగులో భ, ఫ, ప లకి కొదవ లేదు. ఐఫోన్ అయితే వాయిస్ మెమోస్ సెట్టింగుల్లో లాస్‌లెస్ (శబ్దం నాణ్యత తగ్గించకుండా దాచే పద్ధతి) అని ఎంచుకోండి, ఆండ్రాయిడ్‌లో మీ రికార్డర్‌కి అలాంటిదే అయిన వేవ్ ఫైలు తీసే వీలుంటే అది. మాట్లాడే ముందు పది సెకన్లు ఏమీ మాట్లాడకుండా ఖాళీ గదిని రికార్డు చేయండి, ఎడిటింగ్‌లో అది పనికొస్తుంది. మధ్యలో మాట తడబడితే ఆపకండి. ఒక చప్పట్లు కొట్టి, రెండు సెకన్లు ఆగి, ఆ వాక్యం మొదటినుంచి చెప్పండి. తర్వాత తెరమీద ఆ చప్పట్లు నిటారుగా గీతలా కనిపిస్తాయి, ఎక్కడ కోయాలో వెతుక్కోనక్కర్లేదు.

నెల తర్వాత మైకు కొనాలనిపిస్తే రెండు దారులు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడేదైతే, చొక్కాకి తగిలించుకునే కాలర్ మైకులు చౌక, బోయా బీవై-ఎం1 లాంటిదాని వైరు ఆరు మీటర్లు ఉంటుంది. మీ ఫోనుకి గుండ్రటి ఇయర్‌ఫోన్ రంధ్రం లేకపోతే టైప్-సి కన్వర్టర్ కూడా కావాలి. ఒక్కరే మాట్లాడేదైతే, దగ్గరి గొంతునే ఎక్కువగా పట్టుకునే డైనమిక్ రకం యూఎస్‌బీ మైకు తీసుకోండి, శాంసన్ క్యూ2యూ లాంటిది. కండెన్సర్ మైకులు చూడటానికి బాగుంటాయి, యూట్యూబ్‌లో అందరి ముందూ అవే కనిపిస్తాయి, కానీ అవి వీధిలో ఆటో హారన్‌ని కూడా శ్రద్ధగా పట్టుకుంటాయి. మన వీధులకి డైనమిక్కే మేలు.

పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు "మీ జీవితం గురించి చెప్పండి తాతయ్యా" అంటే "ఏముందిరా చెప్పడానికి" అనే జవాబు వస్తుంది. చేత్తో పట్టుకోగలిగేంత చిన్న ప్రశ్న అడగండి: మీ ఇంటికి మొదట కరెంటు వచ్చిన రోజు ఏ గదిలో బల్బు పెట్టారు? మొదటి జీతం ఎంత, దాంతో ఏం కొన్నారు? జవాబు అయిపోయిందనుకున్నాక కూడా వెంటనే "ఓహో" అనకండి, మూడు సెకన్లు ఆగండి, అసలు మాట తరచుగా ఆ మౌనం తర్వాతే వస్తుంది. "ఊఁ, ఊఁ" అనడం కూడా తగ్గించి తలూపండి. పబ్లిష్ చేసేముందు ఆయనకి మొత్తం వినిపించండి. పొలం తగాదాలు, పెళ్లి సంబంధాల మాటలు, చుట్టాల పేర్లు మాటల వేగంలో దొర్లిపోతాయి. ఆయన తీసేయమన్నది ఎంత బాగున్నా తీసేయాల్సిందే.

ఎదుటి మనిషి డాలస్‌లోనో లండన్‌లోనో ఉంటే, వాట్సాప్ కాల్‌నే రికార్డు చేయడం ఆఖరి మార్గంగా ఉంచుకోండి. ఇద్దరూ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కాల్‌లో మాట్లాడుకుంటూ, ఎవరి గొంతు వాళ్లు పక్కన రెండో ఫోనులోనో ల్యాప్‌టాప్‌లోనో రికార్డు చేసుకోవాలి. మొదట్లో "ఒకటి, రెండు, మూడు" అని ఇద్దరూ కలిసి చప్పట్లు కొడితే ఎడిటింగ్‌లో రెండు ఫైళ్లు ఆ చోట కలుపుకోవచ్చు, కాల్ ఆలస్యం వల్ల అరసెకను తేడా ఉంటే చెవితో సర్దుకోండి. అవతలివాళ్లు ఆ ఫైలుని వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లా కాకుండా గూగుల్ డ్రైవ్‌లో పంపాలి. అమెరికా ఎండాకాలం టైములో డాలస్‌లో సాయంత్రం ఆరున్నర అంటే మనకి తెల్లవారి అయిదు, అంటే మన ఇంట్లో నిశ్శబ్దంగా ఉండే వేళే.

ఎడిటింగ్‌కి ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ చాలు, ఉచితం, పాత కంప్యూటర్‌లో కూడా నడుస్తుంది. విండోస్‌లో ఐఫోన్ ఎం4ఏ ఫైలు తెరుచుకోకపోతే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే చిన్న జోడింపు వేసుకోవాలి. ముందు కోతలు పూర్తిచేయండి: తడబాట్లు, దగ్గు, ఒకే మాట రెండుసార్లు చెప్పినవి. ప్రతి ఊపిరీ, ప్రతి "అంటే"నీ కోసేయకండి, మనిషి మాట్లాడినట్టు ఉండదు. తర్వాత వరసగా, హై పాస్ ఫిల్టర్ 80 హెర్ట్జ్ దగ్గర పెడితే అడుగున ఉండే గురగుర పోతుంది. నాయిస్ రిడక్షన్‌లో ఆ పది సెకన్ల ఖాళీ గదిని నమూనాగా ఇచ్చి 6 నుంచి 9 డెసిబెల్స్ మాత్రమే తగ్గించండి, ఇంకా ఎక్కువ తగ్గిస్తే గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టు అవుతుంది. తర్వాత కొద్దిగా కంప్రెసర్, అది గట్టి మాటకీ మెల్లటి మాటకీ తేడా తగ్గిస్తుంది. చివరిగా లౌడ్‌నెస్ నార్మలైజేషన్, అంటే మొత్తం శబ్దాన్ని ఒక స్థాయికి తేవడం: స్టీరియో (ఎడమ, కుడి రెండు ఛానెళ్లు) అయితే −16, మోనో (ఒకే ఛానెల్) అయితే −19 ఎల్‌యూఎఫ్‌ఎస్ (శబ్దం ఎంత గట్టిగా వినిపిస్తుందో కొలిచే లెక్క). ఈ చివరిది వదిలేస్తే మీ ఎపిసోడ్ వినేవాళ్లు బస్సులో వాల్యూమ్ మొత్తం పెంచినా సరిగ్గా వినబడకపోవచ్చు. మాటలే కాబట్టి మోనోలో 64 కేబీపీఎస్ ఎంపీ3 సరిపోతుంది, ఇరవై నిమిషాలకి ఇంచుమించు 10 ఎంబీ.

సంగీతం విషయంలో ఒక అపోహ మన దగ్గర బలంగా ఉంది, సినిమా పాట పది సెకన్లయితే వాడుకోవచ్చని. మన కాపీరైట్ చట్టం, 1957లో అలాంటి పది సెకన్ల మినహాయింపు ఎక్కడా లేదు. క్రియేటివ్ కామన్స్ సంగీతం (చేసినవాళ్లే కొన్ని షరతులతో అందరినీ వాడుకోనిచ్చేది) తీసుకుని, లైసెన్సు చదివి, అడిగిన చోట పేరు చెప్పండి. వీణో వేణువో వాయించే స్నేహితులుంటే ఇరవై సెకన్లు వాయించి పెట్టమనండి, షోకి సొంత ముఖం వస్తుంది. కథలు చదివి వినిపించాలనుకునేవాళ్లకి: మన దేశంలో రచయిత చనిపోయిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్ల దాకా హక్కులు ఉంటాయి. గురజాడ 1915లో పోయారు కాబట్టి ఆయన కథలు ఎవరైనా చదవొచ్చు. ఈమధ్య రచయితలవి అయితే అడిగి, రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే.

ఇక ఎక్కించడం. ఆడియో ఫైలు ఒక హోస్టింగ్ సైట్‌లో ఉంటుంది, ఆ సైట్ ఆరెస్సెస్ ఫీడ్ అనే ఒక లింకు ఇస్తుంది. చందా కట్టిన ఇంటికి పేపరు వచ్చి పడ్డట్టు, ఆ లింకు ద్వారా కొత్త ఎపిసోడ్ అన్ని యాప్‌లకీ దానంతటదే వెళుతుంది. అలాంటి సైట్లలో స్పాటిఫై ఫర్ క్రియేటర్స్ ఉచితం, మొదటి సీజన్‌కి అది చాలు. అక్కడి ఫీడ్ లింకుని యాపిల్ పాడ్‌కాస్ట్స్‌లో, యూట్యూబ్‌లో మీరే ఒకసారి ఇవ్వాలి. ఇక్కడ మూడు జాగ్రత్తలు. ఫీడ్‌లో పెట్టే ఈమెయిల్ ప్రపంచమంతా చూడగలదు, కాబట్టి షోకోసం వేరే ఈమెయిల్ తెరవండి. భాష దగ్గర తెలుగు అని ఎంచుకోండి, షో పేరు తెలుగు లిపిలో పెట్టి వివరణలో అదే పేరు ఇంగ్లీషు అక్షరాల్లో కూడా రాయండి, మనవాళ్లలో చాలామంది వెతికేది అలాగే. ఒరిజినల్ ఫైళ్లు హార్డ్ డిస్క్‌లో ఒకటి, క్లౌడ్‌లో ఒకటి మీ దగ్గరే ఉంచుకోండి. గూగుల్ పాడ్‌కాస్ట్స్ అంతటిదే 2024లో మూతపడింది, ఏ సైట్‌నీ శాశ్వతం అనుకోకూడదు.

కవర్ బొమ్మ చదరంగా, 3000 పిక్సెల్స్. ఫోనులో అది బొటనవేలి గోరంత కనిపిస్తుంది కాబట్టి రెండు మూడు మాటలకి మించొద్దు. రామభద్ర, మండలి లాంటి ఉచిత తెలుగు ఫాంట్లు బాగుంటాయి, ఒత్తులు విడిపోకుండా వచ్చాయో లేదో మాత్రం పెద్దది చేసి చూసుకోండి.

మొదటి వారం ఎంతమంది విన్నారనే అంకెలు చూసి దిగులుపడొద్దు, ఆ అంకెల్లో మీకు పనికొచ్చేది ఏమీ ఉండదు. లింకుని ఫ్యామిలీ గ్రూపులో పడేసి ఊరుకోకుండా పదిమందికి విడివిడిగా పంపండి, ఎందుకు పంపుతున్నారో ఒక్క వాక్యం రాసి: "పెద్దనాన్నా, పన్నెండో నిమిషం దగ్గర మన పాత ఇంటి గురించి వస్తుంది." యాప్‌లు అలవాటు లేని పెద్దవాళ్లకి ఎంపీ3 ఫైలే డాక్యుమెంట్‌గా పంపేయండి. నాలుగు రోజులయ్యాక ఫోన్ చేసి "ఎలా ఉంది" అని అడిగితే అందరూ బాగుందనే అంటారు. "ఎక్కడ ఆపేశారు?" అని అడగండి. ముగ్గురు ఒకే చోటు చెబితే ఆ చోటుకి తిరిగి వెళ్లి వినండి, అక్కడ ఏం సాగదీశారో తెలుస్తుంది, రెండో ఎపిసోడ్ కాగితం మీద దాన్ని మొదట రాసుకోండి.