గ్రామసభ, కౌన్సిల్ సమావేశాల నోటీసు, మినిట్స్ కావాలంటే దరఖాస్తు ఎలా పెట్టాలి

“నిన్న గ్రామసభకు రాలేదేమన్నా?” అని మా వీధిలో ఒకతను అడిగేదాకా ఊళ్లో సభ జరిగిన సంగతే నాకు తెలీదు. మా వీధి సైడు కాలువ పని ఆ సభలో జాబితా నుంచి తీసేశారని కూడా అతనే చెప్పాడు. గ్రామ సచివాలయానికి పోయి అడిగితే “నోటీసు అంటించాం కదా సార్” అన్నారు. నిజమే, అంటించారు. తాళం వేసిన అద్దాల పెట్టెలో, పింఛన్ల జాబితా వెనకాల, సగం కనపడేలా ఉంది. కింద సంతకం ఉంది, తేదీ మాత్రం లేదు. ఎప్పుడు అంటించారో చెప్పగలిగిన మనిషి అక్కడ ఒక్కరూ లేరు.

కోపంతో ఆ రోజే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాశాను. “సభ గురించి మాకు ఎందుకు చెప్పలేదు?” అని అడిగాను. నెల తర్వాత ఒక్క వాక్యంలో జవాబు వచ్చింది: ఇది సమాచారం కిందికి రాదు. బాధపడ్డాను గానీ తప్పు నాదే. ఆ చట్టం కింద దొరికేది ఆఫీసు దగ్గరున్న కాగితం. ఎందుకు, ఎలా అని అడిగితే సంజాయిషీ ఇవ్వాల్సిన పని వాళ్లకు లేదు. రెండోసారి కాగితాల పేర్లు రాసి అడిగాను, ఒక అప్పీలుతో అన్నీ వచ్చాయి. ఆ తేడా తెలియక ఇంకొకరు నెల రోజులు పోగొట్టుకోకూడదనే ఇది రాస్తున్నాను.

ముందు చట్టం సంగతి. అన్ని ప్రభుత్వ సంస్థల సమావేశాలకూ వర్తించే ఒకే నోటీసు చట్టం మనకు లేదు. పంచాయతీకి 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం ఉంది. మున్సిపాలిటీలకు, కార్పొరేషన్లకు వాటి చట్టాలు వాటికున్నాయి. పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఏడాదికి కనీసం రెండు గ్రామసభలు జరపాలి. ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి మనిషీ గ్రామసభ సభ్యుడే. అందుకే ఆ నోటీసు వార్డు మెంబర్లకు చేరితే సరిపోదు, టముకు వేసో మైకులో చెప్పో ఊరందరికీ తెలిసేలా చేయాలి. పంచాయతీ లెక్కలు, ఆడిట్ రిపోర్టు, రాబోయే పనులు, లబ్ధిదారుల ఎంపిక సభ ముందుకు రావలసినవే. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టారు. ఆ రోజు మాత్రం మా ఊళ్లో తెలియనివాళ్లు లేరు. చెప్పాలనుకుంటే చెప్పడం ఎంత తేలికో అప్పుడే చూశాను.

పట్టణాల్లో పద్ధతి వేరు. తిరుపతి 2007లో, చిత్తూరు 2012లో కార్పొరేషన్లు అయ్యాయి. కౌన్సిల్ సమావేశం నోటీసూ ఎజెండా వెళ్లేది కార్పొరేటర్లకు, మన గడపకు రావు. కాబట్టి మీ డివిజన్ కార్పొరేటర్ ఇంటికి పోయి ఎజెండా చూపించమని అడగడమే దగ్గరి దారి. సమావేశం రోజున చివరి నిమిషంలో పెట్టే టేబుల్ ఎజెండా మాత్రం ముందుగా ఎవరి చేతికీ రాదు. అందుకే ఆ తర్వాత మినిట్స్ (సమావేశంలో ఏం జరిగిందో, ఏం తీర్మానించారో రాసే రికార్డు) అడిగేటప్పుడు టేబుల్ ఎజెండా అంశాలను విడిగా పేర్కొని అడగండి. పాలకవర్గం లేకుండా ప్రత్యేక అధికారి నడిపే రోజుల్లో కూడా తీర్మానాలు రికార్డవుతాయి, వాటినీ అడగవచ్చు.

వీటన్నింటికీ ఆధారం సమాచార హక్కు చట్టం, 2005లోని సెక్షన్ 4(1)(బి). తన పరిధిలో ఏయే బోర్డులు, కౌన్సిళ్లు, కమిటీలు ఉన్నాయో, వాటి సమావేశాలకు ప్రజలు రావచ్చో లేదో, మినిట్స్ ప్రజలకు దొరుకుతాయో లేదో ప్రతి ప్రభుత్వ కార్యాలయమూ ఎవరూ అడగకుండానే ప్రకటించాలని అందులో ఉంది. దరఖాస్తు మొదటి అంశంగా ఆ ప్రకటన నకలే అడగండి. అది తయారు చేయని ఆఫీసులు నాకు చాలా తగిలాయి. లేదని రాతపూర్వకంగా జవాబిస్తే, అప్పీలులో మీకు పనికొచ్చే మొదటి కాగితం అదే.

దరఖాస్తు రాయడం

ప్రత్యేక ఫారం అక్కర్లేదు, తెల్ల కాగితం చాలు. తెలుగులోనే రాయండి, చట్టం ఒప్పుకుంటుంది. ఎందుకు కావాలో కారణం రాయనవసరం లేదు. ఎవరైనా అడిగినా చెప్పనక్కర్లేదు. నాకు పనికొచ్చిన నమూనా ఇది:

“పౌర సమాచార అధికారి గారికి, (కార్యాలయం పేరు). సమాచార హక్కు చట్టం, 2005 సెక్షన్ 6(1) కింద దరఖాస్తు. ఫలానా తేదీన జరిగిన గ్రామసభకు సంబంధించి ఈ కింది కాగితాల ధ్రువీకరించిన నకళ్లు ఇవ్వగలరు: సభ నోటీసు; నోటీసు ఏ తేదీన, ఎక్కడెక్కడ అంటించారో చూపే రికార్డు; టముకు లేదా మైకు ప్రచారం చేయించినట్టు ఉన్న నమోదు, దానికి చెల్లింపు జరిగితే ఓచరు; ఎజెండా; హాజరు పట్టీ; మినిట్స్ పుస్తకంలో ఆ సభకు సంబంధించిన పేజీలన్నీ. పై రికార్డులను స్వయంగా పరిశీలించడానికి ఒక తేదీ, సమయం తెలియజేయగలరు.” కింద పేరు, చిరునామా, సంతకం, తేదీ.

టముకు ఓచరు అడగమన్నది ఊరికే కాదు. చాటింపు వేయించామని నోటితో చెప్పడం తేలిక. వేసిన మనిషికి డబ్బు ఇచ్చి ఉంటే మాత్రం ఏదో ఒక పుస్తకంలో అది ఎక్కి ఉండాలి.

రుసుము మన రాష్ట్రంలో మూడు రకాలు. గ్రామస్థాయి కార్యాలయానికి ఏమీ లేదు. మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన కార్పొరేషన్, కలెక్టరేట్, జిల్లా పరిషత్ లాంటి చోట 10 రూపాయలు. పంచాయతీ కార్యదర్శికి ఇచ్చే దరఖాస్తుకు ఎవరైనా పది రూపాయలు అడిగితే మర్యాదగానే ఈ నిబంధన గుర్తు చేయండి. నగదు కడితే రసీదు తీసుకోండి. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి ఏ స్థాయిలోనూ రుసుము లేదు, దానికి రుజువు జతచేయాలి. నకళ్లకు మామూలు సైజు కాగితమైతే పేజీకి 2 రూపాయలు.

ఏ ఆఫీసుకు ఇవ్వాలన్నది మనవాళ్లను చాలామందిని తికమక పెడుతుంది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా వేరుపడింది గానీ జిల్లా పరిషత్ చిత్తూరులోనే ఉమ్మడిగా నడుస్తూ వచ్చింది. జెడ్పీ సర్వసభ్య సమావేశం మినిట్స్ కోసం తిరుపతి కలెక్టరేట్ చుట్టూ తిరగకండి. పొరపాటున వేరే ఆఫీసులో ఇచ్చినా దరఖాస్తు పాడైపోదు. సెక్షన్ 6(3) ప్రకారం వాళ్లే 5 రోజుల్లో సరైన చోటికి పంపి, మీకు తెలియజేయాలి. “ఇది మాది కాదు, అక్కడికి పోండి” అని తిప్పిపంపే అధికారం వాళ్లకు లేదు.

చేతికిస్తే రెండో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర వేయబోమని అంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. గడువు లెక్క మొత్తం ఆ తేదీ మీదే నడుస్తుంది.

గడువు, అప్పీలు

జవాబుకు 30 రోజులు. గడువు దాటి ఇస్తే నకళ్లకు డబ్బు తీసుకోకూడదు. జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా 30 రోజుల్లోపు అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు చేయాలి. ఆయన 30 రోజుల్లో, కారణాలు రాసి 45 రోజుల్లోపు తేల్చాలి. అక్కడా పని జరగకపోతే 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. సరైన కారణం లేకుండా ఆపిన అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున, 25,000 దాకా కమిషన్ జరిమానా వేయగలదు. మొదటి అప్పీలుతోనే చాలా కాగితాలు కదులుతాయి, నావీ అలాగే వచ్చాయి.

రాబోయే సమావేశం గురించి తెలుసుకోవాలంటే మాత్రం ఈ దారి పనికిరాదు. ముప్పై రోజులు గడిచేసరికి సభ అయిపోతుంది. దానికి మామూలు అర్జీ చాలు: “వచ్చే గ్రామసభ తేదీ, ఎజెండా ముందుగా మా వీధిలో తెలియజేయండి” అని పదిమంది సంతకాలతో సచివాలయంలో ఇచ్చి ముద్ర వేయించుకోండి. పట్టించుకోకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అదే అర్జీ నకలు ఇవ్వండి. క్వారీకో ఫ్యాక్టరీకో పర్యావరణ అనుమతి కోసం జరిపే ప్రజాభిప్రాయ సేకరణ సంగతి వేరు. దానికి కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన రావాలని 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ చెబుతోంది.

పుస్తకం చూడటం

నన్నడిగితే నకళ్ల కంటే పరిశీలనే మేలు. మొదటి గంటకు రుసుము లేదు. నేను వెళ్లిన రోజు కార్యదర్శి పొడుగాటి మినిట్స్ పుస్తకం తీసి టేబుల్ మీద పెట్టారు. అట్ట అంచులు నలిగిపోయి ఉన్నాయి. మా సభ పేజీలో తీర్మానాలు నీలం సిరాతో ఉన్నాయి. సంతకాలైపోయాక మిగిలిన ఖాళీలో మాత్రం రెండు వరుసలు నల్ల సిరాతో, చిన్న అక్షరాలతో ఉన్నాయి. మా కాలువ పని తీసేసిన తీర్మానం ఆ రెండు వరుసలే. తర్వాత ఇచ్చిన జిరాక్సులో రెండు సిరాలూ ఒకేలా కనిపించాయి. పుస్తకం చూడకపోయుంటే నాకు ఆ తేడా తెలిసేదే కాదు.

అందుకని పోయేటప్పుడు పెన్ను, కాగితం, చదవడానికి అద్దాలు తీసుకుపోండి. తోడుగా ఒకరుంటే మంచిది. పేజీ నంబర్లు వరసగా ఉన్నాయా, సంతకాల కింద ఏమైనా చేర్చారా, హాజరు పట్టీలో సంతకాల లెక్కా మినిట్స్‌లో రాసిన లెక్కా సరిపోతున్నాయా అన్నవి చూడండి. చూసింది అక్కడే రాసుకోండి, రాసుకునే హక్కు చట్టంలోనే ఉంది. బయటికి రాకముందే ఆ పేజీ ధ్రువీకరించిన నకలు కోసం అడిగి, నకలు మీద తేదీతో సంతకం పెట్టించుకోండి. నేను మొదటి అప్పీలు దరఖాస్తుకు జతచేసింది ఆ పేజీనే.