ఫైలు కదలడం లేదా? ముందు మీ టేబుల్ చూడండి

కొత్తగా తహసీల్దారుగానో, ఎంపీడీవోగానో, సూపరింటెండెంటుగానో బాధ్యత తీసుకున్నవాళ్ల కోసం ఇది.

సమస్య: ఒకే ఫైలు సెక్షన్‌కీ మీకూ మధ్య తిరుగుతోంది.

కారణం: నోట్ ఫైలు తిరగేయండి. సెక్షన్ పెట్టిన నోట్ కింద "మాట్లాడండి" అని రాసి మీ పొట్టి సంతకం, కింద తేదీ. వారం తర్వాత మళ్లీ అదే మాట. లోపల ఏం మాట్లాడారో ఒక్క ముక్క ఉండదు. రేపు ఆడిట్ వాళ్లు అడిగితే దొరికిపోయేది నోట్ పెట్టిన జూనియర్ అసిస్టెంటే. ఆ సంగతి తెలుసు కాబట్టే ఏదో ఒక కొర్రీ వేసి దరఖాస్తును వెనక్కి పంపుతారు. దాన్ని బద్ధకం అనడం అన్యాయం, అది భయం.

పరిష్కారం: మాట్లాడాక "చర్చించాం, ఫలానా కారణంతో మంజూరు చేయవచ్చు" అని మీ చేత్తో రాసి సంతకం చేయండి. పైఅధికారి ఆదేశం మామూలుగా రాతపూర్వకంగానే ఉండాలని, నోటిమాటగా చెప్పక తప్పకపోతే వెంటనే రాసివ్వాలని కేంద్ర ఉద్యోగుల 1964 నాటి ప్రవర్తనా నియమాలే చెబుతున్నాయి. వాళ్లు అడిగేదాకా ఆగకండి. కింది ఉద్యోగి ఆ మాట అడగలేరు.

సమస్య: పనంతా ఒకరిద్దరి నెత్తినే పడుతోంది.

కారణం: చేసేవాళ్లకే పని చెబుతాం. ఇంక్రిమెంటు మాత్రం అందరికీ ఏటా వస్తుంది, ప్రమోషన్ చాలావరకు సీనియారిటీని బట్టి. బాగా చేసినందుకు దక్కేది ఇంకో సబ్జెక్టు పని! ఇలాగైతే ఎంత మంచి ఉద్యోగికైనా మనసు విరిగిపోతుంది.

పరిష్కారం: జీతం మీ చేతిలో లేదు, పని పంపకం ఉంది. ఒక్కో ఉద్యోగికి వచ్చిన కాగితాలు నమోదు చేసే పర్సనల్ రిజిస్టర్లు తెప్పించి ఎవరి దగ్గర ఎన్ని కరెంట్లు (వచ్చిన కాగితాలు) పెండింగో చూసి సబ్జెక్టులు మళ్లీ పంచండి. మంచి నోట్ పెట్టినవాళ్లను కలెక్టరేట్ రివ్యూకి వెంట తీసుకెళ్లి వాళ్లచేతే చెప్పించండి. ఎన్నిసార్లు చెప్పినా కదలని వాళ్లుంటారు, వాళ్లకు క్రమశిక్షణ చర్యల కోసం 1991 నాటి సీసీఏ రూల్స్ ఉన్నాయి. ఒకరి తప్పుకి సెక్షన్ మొత్తానికి మెమో ఇవ్వకండి.

సమస్య: సోమవారం ప్రజల నుంచి తీసుకున్న అర్జీలన్నీ "పరిష్కారమైనట్టు" కనిపిస్తాయి, అదే రైతు మళ్లీ క్యూలో ఉంటాడు.

కారణం: టెలికాన్ఫరెన్సులో అంకె ఒక్కటే అడుగుతున్నారు, సిబ్బంది అంకె ఇస్తున్నారు.

పరిష్కారం: మూసేసిన అర్జీల్లోంచి నాలుగైదు తీసి అర్జీదారుకి మీరే ఫోన్ చేయండి. పని కాలేదంటే అర్జీని మళ్లీ తెరిపించి, ఎక్కడ ఆగిందో సంబంధిత ఉద్యోగిని పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. సర్వేయరు లేకనో, పై నుంచి స్పష్టత రాకనో ఆగితే ఆ ఉత్తరం రాయాల్సింది మీరే.