సైకాలజిస్టు దగ్గరికి మొదటిసారి ఎలా వెళ్లాలి?

మొదటి అపాయింట్‌మెంట్‌ని చాలామంది ఇంట్లోనే పాడుచేసుకుంటారు. చేతులూపుకుంటూ వెళ్లి, "ఏం లేదండీ, కొంచెం టెన్షన్" అని నీళ్లు నములుతూ గంట గడిపేసి, బయటికొచ్చాక "మాటలే కదా, ఇంకేం చేశారు" అంటారు. కాస్త సిద్ధపడి వెళ్తే ఆ గంట ఎంత పనికొస్తుందో వాళ్లకు తెలియదు.

ఎవరి దగ్గరికి వెళ్తున్నారో ముందు తేల్చుకోండి. సైకియాట్రిస్టు డాక్టరు, మందులు రాస్తారు. సైకాలజిస్టు మందులు రాయరు. మాటల ద్వారా, అవసరమైతే మానసిక పరీక్షలు పెట్టి చికిత్స చేస్తారు. క్లినికల్ సైకాలజిస్టుకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అనే ప్రభుత్వ సంస్థ ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. అది అడగడానికి మొహమాటపడొద్దు. ప్రైవేటు ఫీజు భారమైతే హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక ఆసుపత్రులున్నాయి. ఫోన్ చేసినప్పుడే ఫీజెంత, ఎంతసేపు (మామూలుగా 45 నిమిషాల నుంచి గంట), తెలుగులో మాట్లాడతారా అని కనుక్కోండి. ఉదయం టైమే తీసుకోండి. సాయంత్రం ఆఫీసు అలసటతో వెళ్తే సగం మాటలు నోట్లోనే ఆగిపోతాయి.

వాడుతున్న మందుల స్ట్రిప్పులు, హోమియో, ఆయుర్వేదంతో సహా, సంచిలో వేసుకోండి. పాత ప్రిస్క్రిప్షన్లు, ఈమధ్య చేయించిన రక్తపరీక్షల కాగితాలు కూడా. థైరాయిడ్ హార్మోన్ తగ్గినా, విటమిన్ బీ12 లోపించినా మనిషి దిగులుగా, నీరసంగా అయిపోవచ్చు కాబట్టి అవి అడుగుతారు.

అసలు కష్టం "చెప్పండి, ఏమైంది?" అన్న ప్రశ్న దగ్గర వస్తుంది. "టెన్షన్", "డిప్రెషన్", "మనసు బాగోలేదు" అంటే ఎదుటివాళ్లకి ఏమీ అందదు. ఒకరి టెన్షన్ పరీక్ష భయం, ఇంకొకరిది అప్పులవాళ్ల ఫోన్లు, మరొకరిది అర్ధరాత్రి గుండెదడతో లేచి కూర్చోవడం. అందుకే ముందురోజు అరపేజీ రాసుకోండి. కాగితం మీదే రాయాలి. ఫోన్లో రాసుకుంటే చదువుతుండగా మెసేజ్ వస్తుంది, మాట తెగిపోతుంది.

ఎప్పుడు మొదలైందో రాయండి. "దసరా సెలవుల తర్వాత" అన్నా చాలు, తేదీ అక్కర్లేదు. వారంలో ఎన్నిసార్లు వస్తోంది, ఎన్నింటికి పడుకుంటున్నారు, ఎన్నింటికి మెలకువ వస్తోంది, ఆకలి ఎలా ఉంది, ఇదివరకు ఇష్టంగా చేసి ఇప్పుడు మానేసిన పనులేంటి. ఒంట్లో బాధలు తప్పకుండా రాయండి. తల బరువు, కడుపులో తిప్పడం, ఛాతీ పట్టేసినట్టుండడం మనసుకి సంబంధం లేనివని వదిలేస్తుంటారు, కానీ వాటిలోనే చాలా ఆధారం దొరుకుతుంది. మద్యం, సిగరెట్ల గురించి "అప్పుడప్పుడు" అనొద్దు, వారానికి ఎంతో లెక్క చెప్పండి.

రీల్స్‌లో చూసిన జబ్బు పేరు మాత్రం తీసుకెళ్లకండి. "నాకు పానిక్ డిజార్డర్" అంటే మాటలన్నీ ఆ పేరు చుట్టూ తిరుగుతాయి. "రెండు నెలలుగా ఆఫీసు బస్సెక్కగానే గుండె దడ, అరచేతుల్లో చెమట, పది నిమిషాలుంటుంది, వారానికి మూడుసార్లు, అందుకే లీవులు పెడుతున్నా" అంటే పని అక్కడి నుంచే మొదలవుతుంది. సిగ్గనిపించి రాయలేని సంగతి ఉంటే "ఇంకోటి ఉంది, ఇవాళ చెప్పలేను" అని రాసి, అదే చదవండి. మొదటి రోజుకి అంత చాలు.

తోడు వచ్చినవాళ్లు బయటే కూర్చోవాలి. గదిలోకి వస్తే మాట్లాడేది వాళ్లే. అమ్మ "వీడు అన్నమే తినట్లేదండీ" అని మొదలుపెడితే మీరు తలూపుతూ ఉండిపోతారు. కావాలంటే చివర పది నిమిషాలు పిలిపించుకోవచ్చు. చిన్నపిల్లల విషయం వేరు, అక్కడ తల్లిదండ్రులతో మాట్లాడడం తప్పదు. లేని మాటలు వినిపిస్తున్నవాళ్ల విషయంలోనూ ఇంటివాళ్లు చెప్పేది అవసరమే.

లోపల ముందు సమ్మతి పత్రం ఇస్తారు, చదివి సంతకం పెట్టండి. మీరు చెప్పింది గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 23వ సెక్షన్ చెబుతోంది. ప్రాణాపాయం, ఇతరులకు హాని, కోర్టు ఆదేశం లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలపై లైంగిక దాడి సంగతి తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పక తప్పదు. తర్వాత కుటుంబం, చదువు, పాత జబ్బుల ప్రశ్నలు. గడిచిన రెండు వారాల గురించి డిప్రెషన్ ఎంత ఉందో చూసే తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ-9 కాగితం ఇవ్వవచ్చు. చచ్చిపోవాలనిపించిందా అని సూటిగా అడుగుతారు. మిమ్మల్ని అనుమానించి కాదు, అందరినీ అడగాల్సిన ప్రశ్న అది. ఉంటే ఉందనే చెప్పండి.

లేచే ముందు మూడు అడగాలి: నా సమస్య మీకెలా కనిపిస్తోంది, ఎన్నాళ్లకోసారి రావాలి, ఈలోపు ఏం చేయాలి. జబ్బు పేరు మొదటి రోజే చెప్పకపోవచ్చు, అది లోపం కాదు. ఒక్క సిట్టింగ్‌లో నయం చేస్తామనేవాళ్ల దగ్గరికి మళ్లీ వెళ్లొద్దు. రెండు మూడుసార్లు వెళ్లినా మాట కలవకపోతే ఇంకొకరిని చూసుకోండి.

తర్వాతి తేదీ రాయించుకునే బయటికి రండి. ఈలోపు చావు ఆలోచనలు ఎక్కువైతే ఆ తేదీ కోసం ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, ఇరవైనాలుగు గంటలూ తెలుగులో మాట్లాడతారు. ప్రమాదం వెంటనే ఉందనిపిస్తే దగ్గర్లోని ఆసుపత్రి ఎమర్జెన్సీకి ఎవరినైనా తోడు తీసుకుని వెళ్లండి.